తెల్లకర్రతో దారి నేర్చుకున్న వైనం

నా కంటిజబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి వెనుక ఉండే రెటీనా పొరలో, మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు ముందు దెబ్బతిని, ఆ తరువాత పగటి చూపుకూ రంగులకూ ఆధారమైన కోన్ కణాలు కూడా క్షీణించే జబ్బు ఇది. వంశపారంపర్యంగా వస్తుంది. మా అమ్మానాన్నలది మేనరికం. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి జరిగినప్పుడు ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే జన్యులోపం బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుందని డాక్టరుగారు చెబుతుంటే, మా వంశంలో రేచీకటి అని పేరుపెట్టి సాయంత్రం కాగానే అరుగు మీద కూర్చోబెట్టిన పెద్దలు ఒక్కొక్కరే గుర్తుకు వచ్చారు. ఒక ప్రత్యేక జన్యువులో లోపం ఉన్నవారికి మాత్రం 2017లో అమెరికాలో ఒక జన్యుచికిత్సకు అనుమతి లభించింది. నాది ఆ జన్యువు కాదని పరీక్షలో తేలింది. ఇక మిగిలింది, తగ్గుతున్న చూపుతో బతకడం నేర్చుకోవడమే.

ఈ జబ్బులో ఒక చిక్కు ఉంది. చూపు చుట్టూ అంచుల నుంచి మూసుకుపోతూ వస్తుంది కానీ, నడిమి భాగం చాలాకాలం నిలిచి ఉంటుంది. అందువల్ల నేను దినపత్రికలో చిన్న అక్షరాలు చదవగలిగేదాన్ని, సూదిలో దారం ఎక్కించగలిగేదాన్ని, అదే సమయంలో కాలి పక్కన ఉన్న పీటకు తగిలి పడిపోయేదాన్ని. చూసేవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు. "పేపరు చదువుతుందట, ఎదురుగా వచ్చిన మనిషి కనపడదట" అని మా బంధువుల్లో ఒకరు పెళ్లిపందిట్లో నవ్వుతూ అన్న మాట నాకు చాలాకాలం ముల్లులా గుచ్చుకుంది. వారిది దురుద్దేశం కాదు. చూపు అంటే కనపడటమో కనపడకపోవడమో రెండే అనుకుంటారు చాలామంది, మధ్యలో ఇన్ని మెట్లున్నాయని వారికి ఎవరూ చెప్పలేదు.

మామూలు మనిషికి రెండు కళ్లూ కలిసి దాదాపు 180 డిగ్రీల మేర కనిపిస్తుంది. చూపు ఎంత మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్టులో తెల్లని అర్ధగోళంలో తల ఆనించి, నడిమి చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కాలి. చివరిసారి ఆ పరీక్ష చేయించుకున్నప్పుడు మీట నొక్కే పనే పెద్దగా లేకపోయింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం దృష్టి వైశాల్యం 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే అల్పదృష్టి, 10 డిగ్రీల కంటే తక్కువైతే అంధత్వం. నేను రెండో గీత దాటి చాలా రోజులైంది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకున్న తరువాత, ఖమ్మం జిల్లాలో సాంఘికశాస్త్రం చెప్పే నా ఉద్యోగం సంగతి వచ్చింది. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే గౌరవంగా ఉంటుందని ఒక అధికారి సలహా ఇచ్చారు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, చేస్తున్న పనికి తగకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలని ఆ చట్టంలోని 20వ సెక్షన్ చెబుతున్నదని నేను కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ విషయం అంతటితో ఆగింది. అయితే చట్టం కుర్చీని కాపాడుతుంది కానీ, బస్సు దిగి బడి గేటు దాకా నడిపించదు. ఆ పని నేర్చుకోవడానికి హైదరాబాదులోని ఒక పునరావాస కేంద్రంలో చేరాను.

కర్ర విషయంలో ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. మా అత్తగారు నా మీద ప్రేమ ఉన్న మనిషే. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారమ్మా, మా అబ్బాయి చేయి పట్టుకుని నడిపిస్తాడు కదా" అన్నారు. మావారు ఏమీ అనలేదు కానీ, నడిపించడానికి తను లేని వేళల్లో నేను గడప దాటడం లేదన్న సంగతి ఆయనకూ తెలుసు. నిజానికి తెల్లకర్ర నేలను తడిమే సాధనమే కాదు, ఎదుటివారికి ఒక కబురు కూడా. 1921లో బ్రిస్టల్ నగరంలో చూపు కోల్పోయిన జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్ తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నది, వీధిలోని వాహనాలవారికి తను కనిపించాలనే. కర్రలేని నేను ఎవరినైనా ఢీకొంటే పొగరుబోతును. కర్ర ఉన్న నేను ఢీకొంటే వారే పక్కకు తప్పుకుంటారు. ఈ తేడా చేతికి కర్ర వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది.

ఇక శిక్షణ సంగతి. నాకిచ్చినది అల్యూమినియం గొట్టాలతో చేసిన మడతకర్ర. లోపల సాగే తాడు ఉంటుంది, చేతి నుంచి వదిలితే ముక్కలు టకటకమని ఒకదానిలో ఒకటి కూర్చుకుంటాయి, కింది ముక్క ఎర్రగా ఉంటుంది. నేల మీద నిలబెడితే పిడి రొమ్ము ఎముక దాకా రావాలి. పొట్టిదైతే గోతి సంగతి కాలికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఈ పొడవు కర్రనూ దాన్ని ఊపే పద్ధతినీ రెండో ప్రపంచయుద్ధ కాలంలో, యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ రూపొందించారు. అంతకుముందు కర్ర అంటే ఒంటి బరువు మోపుకునేదే. ఈ కర్ర మీద బరువు మోపకూడదు.

పిడిని బొడ్డుకు ఎదురుగా పట్టుకోవాలి, చేయి అటూ ఇటూ జరగకూడదు, మణికట్టు మాత్రమే కదలాలి. కొన భుజాల వెడల్పు కంటే రవ్వంత ఎక్కువగా అర్ధచంద్రాకారంలో తిరగాలి. ఎడమ పాదం ముందుకు పడేటప్పుడు కర్ర కొన కుడివైపు నేలను తాకాలి, కుడిపాదం పడేటప్పుడు ఎడమవైపు. అంటే ఇప్పుడు కొన తాకిన చోట తరువాతి అడుగు పడుతుంది. వినడానికి ఇంత సులువైన ఈ లయ ఒంటికి పట్టడానికి నాకు చాలా కాలం పట్టింది, ఎందుకంటే మన శరీరం ఎడమకాలితోపాటు ఎడమవైపే కొట్టాలని చూస్తుంది. అడుగు తప్పిందని గ్రహించిన మరుక్షణం ఆగిపోకుండా, నడుస్తూనే కొనతో ఒకేవైపు రెండుసార్లు తట్టి లయలోకి తిరిగి రావాలని మా శిక్షకుడు నేర్పారు. కొన చెప్పే సంగతులు అనేకం. సిమెంటు మీద గట్టి టక్కు, తారు మీద మొద్దు శబ్దం, మ్యాన్‌హోల్ మూత మీద ఇనుప మోత, మట్టి మీద దాదాపు నిశ్శబ్దం. నడిచే దారి తారు నుంచి మట్టిలోకి మారిందంటే రోడ్డు అంచుకు చేరామన్నమాట.

కర్ర చెప్పలేనిది నడుముకు పైన ఉన్నది. వంగిన చెట్టుకొమ్మ, దుకాణం ముందు వేలాడదీసిన అరటిగెల, ఆగి ఉన్న లారీ వెనుక పొడుచుకువచ్చిన ఇనుపచువ్వలు, వీటి కింది నుంచి కర్ర సాఫీగా వెళ్లిపోతుంది, తగిలేది ముఖానికి. అనుమానం ఉన్నచోట రెండో చేతిని ముఖానికి అడ్డంగా, జానెడు దూరంలో పెట్టుకుని నడవాలి. హైదరాబాదు ఫుట్‌పాత్‌ల మీద అనుమానం లేని చోటు ఎక్కడుందో నాకైతే తెలియదు.

నాకు కొంత నడిమి చూపు మిగిలి ఉండగానే శిక్షణంతా కళ్లకు గంతలు కట్టుకుని చేయించారు. మొదట ఇది అన్యాయమనిపించింది. కానీ ఉన్న ఆ కొద్దిపాటి చూపే నన్ను మోసగిస్తున్నదని వారి వాదన. సన్నని సందులోంచి దూరాన ఉన్న బోర్డు కనిపించగానే దాని వైపు ధీమాగా అడుగులు వేసేదాన్ని, ఆ బోర్డుకూ నాకూ మధ్య ఉన్నవేవీ చూడకుండానే. గంతలు కట్టాక తెలిసిన మరో సత్యం, మనిషి తనంతట తాను నేరుగా నడవలేడన్నది. ఆధారం లేకపోతే ఎవరైనా పక్కకు ఒరుగుతారు. జర్మనీ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సూర్యుడు కనిపించని వేళ అడవిలో నడిచినవారు తాము నేరుగా వెళుతున్నామనుకుంటూనే గుండ్రంగా తిరిగి తమ దారినే దాటారని, కళ్లకు గంతలు కట్టినవారు 20 మీటర్ల వ్యాసంలోనే చుట్లు చుట్టారని తేలింది. నేను ఎడమవైపుకు ఒరుగుతానని మైదానంలో నడిపించి చూసి చెప్పారు. అందుకే ఖాళీ స్థలం దాటాలంటే ముందు గోడకు వీపును పూర్తిగా ఆనించి నిలబడి, ఆ గోడకు లంబంగా బయలుదేరాలి. ఒరిగే గుణం పోదు, కానీ ఎటు ఒరుగుతామో తెలిస్తే సర్దుకోవచ్చు.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు పటాలు గీయించిన నాకు, పటం అంటే ఏమిటో అప్పుడే అర్థమవడం మొదలైంది. శిక్షణకేంద్రం నుంచి బస్‌స్టాపు దాకా ఉన్న దారిని అట్ట మీద జిగురుతో దారం అతికించి తయారు చేసుకోమన్నారు. మలుపుల దగ్గర ముడులు, స్తంభాల దగ్గర బొత్తాలు. వేలితో ఆ దారం వెంట పదేపదే నడిచిన తరువాతే కాలితో నడవాలి. దారిలోని ఆనవాళ్లను రెండు రకాలుగా విడదీయడం నేర్పారు. ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉండేవి ఒక రకం, అంటే గుమ్మం ముందు ర్యాంపు, రోడ్డు వాలు, ఫుట్‌పాత్ విరిగిన చోటు, గుమగుమలాడే బేకరీ కాదు, ఆ బేకరీ ముందున్న మూడు మెట్లు. రెండో రకం, ఉంటే ఉంటాయి లేకపోతే లేవు. మిరపకాయ బజ్జీల బండి వాసన అద్భుతమైన గుర్తే, కానీ సాయంత్రం దాకా అది పుట్టదు, వాన వస్తే అసలే రాదు. మొదటిరకం వాటి మీద దారిని నిర్మించుకోవాలి, రెండోరకం వాటిని సాక్ష్యానికి మాత్రమే పిలవాలి.

ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉదయం కుడి చెంప మీద ఎండ పడుతుంటే నేను ఉత్తరానికి వెళుతున్నట్లు, సాయంత్రం అదే చెంప మీద పడుతుంటే దక్షిణానికి. ఏడో తరగతి పిల్లలకు చెప్పే పాఠమే ఇది. కానీ గంతల వెనుక నిలబడి, చెంప మీది వెచ్చదనాన్ని బట్టి నగరాన్ని మొత్తంగా నాలుగు దిక్కుల్లోకి తిప్పి నిలబెట్టుకోగలిగిన క్షణాన నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

సాయం చేసేవారి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మనవాళ్లు సాయానికి వెనుకాడరు, సాయం చేసే తీరులోనే ఇబ్బంది. కొందరు కర్ర కొన పట్టుకుని ముందుకు లాగుతారు, అంటే నా కళ్లు లాక్కుని దారి చూపిస్తున్నారన్నమాట. కొందరు వెనుక నుంచి భుజాలు పట్టుకుని నెడతారు. ఆడవాళ్లకైతే, చెప్పాపెట్టకుండా చేయి పట్టుకున్నది ఎవరో తేల్చుకోవలసిన బాధ అదనం. పద్ధతి ఏమిటంటే, తీసుకువెళ్లేవారి మోచేతికి కాస్త పైన నేను పట్టుకుంటాను, వారికి అరడుగు వెనుక నడుస్తాను. వారి మోచెయ్యి కిందికి దిగితే మెట్టు దిగుతున్నట్లు, పైకి లేస్తే ఎక్కుతున్నట్లు, వెనక్కు వంచితే సందు ఇరుకైనట్లు. ఎవరైనా పట్టుకుని లాగినప్పుడు, "బాబూ, మీరు నన్ను పట్టుకోవద్దు, మీ చేయి నన్ను పట్టుకోనివ్వండి" అనే వాక్యాన్ని విసుగు లేని గొంతుతో అనడం కూడా మాకు సాధన చేయించారు. కర్ర ఊపడం కన్నా అదే కష్టం.

అడగడంలోనూ ఒక నేర్పు ఉంది. "బస్‌స్టాపు ఎక్కడండీ" అంటే "అదిగో అక్కడ" అనే జవాబు వస్తుంది, వేలు ఎటు చూపిందో నాకు తెలియదు. "నేను నిలబడిన తీరులో బస్‌స్టాపు నా కుడిచేతి వైపా, ఎడమచేతి వైపా" అని అడిగితే ఎంత తొందరలో ఉన్నవారైనా ఒక్క మాటలో సరైన జవాబు చెబుతారు.

మెట్రో స్టేషన్లు నగరంలో నాకు అన్నింటికంటే సుఖమైన చోట్లు. పసుపుపచ్చని గరుకు పలకలు అక్కడ నేల మీద పరిచి ఉంటాయి. నిలువు గీతలున్న పలకలు వెంట నడవమని, చుక్కలున్న పలకలు ఆగి చూసుకోమని చెబుతాయి. జపాన్‌కు చెందిన సెయీచీ మియాకే 1965లో వీటిని కనిపెట్టగా, 1967లో ఒకాయామా నగరంలో తొలిసారి వీధిలో పరిచారు. రైల్లో స్టేషన్ పేరు తెలుగులో వినిపిస్తుంది, తలుపులు ఏవైపు తెరుచుకుంటాయో కూడా చెబుతారు. స్టేషన్ మెట్లు దిగిన తరువాతే అసలు కథ. ఒక వీధిలో ఫుట్‌పాత్ మీద పరిచిన ఇవే పలకలు నన్ను తిన్నగా ఒక కరెంటు స్తంభం దగ్గరకు తీసుకువెళ్లి దించాయి, స్తంభానికి అవతల నుంచి మళ్లీ మొదలయ్యాయి. పలకల రంగు మాత్రమే తెలిసిన వారెవరో వాటిని పరిచి ఉంటారు.

శిక్షణ చివరిలో ఒక పరీక్ష ఉంటుంది. ఆటోలో ఎక్కించుకుని, అటూ ఇటూ తిప్పి, ఎక్కడో ఒకచోట దించేస్తారు. అది ఏ చోటో చెప్పరు. మనం ఉన్న చోటు పేరు ఎవరినీ అడగకూడదు, చెప్పిన గమ్యం చేరాలి. నాకు ఇచ్చిన గమ్యం చిక్కడపల్లి మెట్రో స్టేషన్. శిక్షకుడు దూరంగా వెనుక వస్తారని తెలుసు, కానీ ఆయన నోరు విప్పరు.

ఆటో వెళ్లిపోయిన తరువాత నేను చేసిన మొదటి పని ఏమీ చేయకపోవడం. తెలియని చోట కంగారులో వేసిన మొదటి నాలుగడుగులు, ఉన్న ఒక్క ఆధారాన్నీ పోగొడతాయని అంతకుముందే చాలాసార్లు విని ఉన్నాను. గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. సందు ఇరుకైనది, ఎందుకంటే నా కర్ర చప్పుడు ఎదుటి గోడ నుంచి వెంటనే తిరిగి వస్తున్నది. జిరాక్స్ యంత్రం ఆగకుండా తిరుగుతున్న మోత. టీ కొట్టు దగ్గర కుర్రవాళ్లు గ్రూప్-2 పేపర్లలో ఆర్థికశాస్త్రం ఎంత బరువుగా ఉంటుందో వాదించుకుంటున్నారు, మరొకరు హాస్టల్ మెస్సులో పప్పు పలుచదనాన్ని తిడుతున్నారు. పోటీపరీక్షల కోచింగు సెంటర్లు, స్టడీ రూములు ఇంత దట్టంగా ఉన్న పేట నగరంలో ఏదో తెలుగునాట ఉద్యోగార్థులందరికీ తెలుసు. మా మేనల్లుడు అశోక్‌నగర్‌లోనే గది తీసుకుని చదివాడు. ఇది అశోక్‌నగర్ అనుకుందాం, కానీ అనుకోవడమే, ఇంకా తేలలేదు.

కాసేపటికి ఎక్కడో ఎత్తు మీది నుంచి మెట్రో రైలు పోయిన ఊపిరి వంటి శబ్దం వినిపించింది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వెళ్లే లైను ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా రోడ్డు పైనే పోతుంది. అశోక్‌నగర్ ఆ రోడ్డుకు పడమర దిక్కున ఉంటుంది. సాయంత్రపు ఎండ ఎటు ఉందో చూద్దామని సందు మొగదాకా వచ్చి నిలబడితే, రైలు శబ్దం వచ్చిన వైపు ముఖం పెట్టినప్పుడు ఎండ నా వీపు మీద పడింది. అంటే రైలు తూర్పున ఉంది. మూడు సాక్ష్యాలూ ఒక్కమాటే చెబుతున్నాయి. వీపు మీది వెచ్చదనాన్ని వదలకుండా, మలుపులు వచ్చినప్పుడల్లా దాన్ని మళ్లీ వెతుక్కుంటూ నడిచాను. ఒకచోట మోటారుసైకిళ్లు వరుసగా అడ్డుపెట్టి ఉంటే రోడ్డులోకి దిగి, ఎన్ని బండ్లు దాటానో లెక్కపెట్టుకుని తిరిగి అంచుకు వచ్చాను. ఉన్నట్టుండి గాలి చల్లబడింది, హారన్ల మోత నెత్తి మీది కప్పుకు తగిలి తిరిగి వస్తున్నట్లు మారింది. మెట్రో వంతెన కిందికి వచ్చేశాను. కానీ ఎండ పోయింది. వంతెన నీడలో నా దిక్సూచి పనిచేయదు.

అప్పుడు ఒక పండ్లబండి ఆమెను అడిగాను. "చిక్కడపల్లి మెట్రో స్టేషన్ నా కుడిచేతి వైపా అమ్మా, ఎడమచేతి వైపా?" "కుడిచేతికే పో తల్లీ, లిఫ్టు కూడా ఉన్నది" అన్నది ఆమె. చోటు పేరు అడగలేదు కనుక నియమం తప్పలేదు. స్టేషన్ మెట్ల మొదట్లో చుక్కల పలకలు కర్రకు తగిలినప్పుడు, శిక్షకుడు పక్కకు వచ్చి "మేడమ్, టీ తాగుదామా" అన్నారు, అంతే.

ఊరికి తిరిగి వచ్చి బడిలో చేరిన తరువాత అంతా ఒక్కసారిగా తేలికైపోలేదు. తరగతిలో పిల్లలు చేతులెత్తితే కనపడవు కనుక, ఎవరి పేరు వారు చెప్పి మాట్లాడాలని నియమం పెట్టాను, బెంచీల మధ్య సంచులు పెట్టకూడదన్నది రెండో నియమం. మొదటిది వెంటనే అలవాటైంది, రెండోది ఇప్పటికీ అలవాటు కాలేదు. మా అత్తగారు నా కర్రను తలుపు మూలన పెట్టి, ఎవరూ తొక్కకుండా కాపలా కాస్తుంటారు, వాకిట్లో చుట్టాలు వస్తే మాత్రం లోపలికి తెచ్చి పెడతారు. అంతవరకు ఆమె వచ్చారు, మిగతాది ఆమె ఇష్టం.

నాకు ఇప్పటికీ కొరుకుడుపడనిది బస్టాండు. గోడలు, అంచులు లేని పెద్ద ఖాళీ, నాలుగు వైపుల నుంచి బస్సులు, ఏ శబ్దం ఎటు పోతుందో తెలియదు. అందుకని బస్టాండు నడిమికి వెళ్లను. ప్లాట్‌ఫారాల గట్టు అంచుకు కర్ర ఆనించి, స్తంభాలు లెక్కపెట్టుకుంటూ చుట్టు తిరిగి వెళతాను. దూరమెక్కువ, కానీ తప్పిపోను. ఫోనులో తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్, దారి చెప్పే మ్యాప్స్ బాగా ఉపయోగపడతాయి, గమ్యం కుడివైపున ఉందని చెప్పి నోరు మూసుకుంటాయి. ఆ కుడివైపున గేటు ఎక్కడో, గేటు ముందు మురుగుకాలువ మీద పలక ఉందో లేదో వాటికి తెలియదు. చివరి పది అడుగులూ కర్రవే.

మా అమ్మాయికి వరంగల్‌లో ఇంజినీరింగు సీటు వచ్చింది. ఖమ్మం నుంచి అక్కడికి రైలు నేరుగా పోతుంది. ఈసారి మావారితో వెళ్లినప్పుడు స్టేషన్ నుంచి ఆటోస్టాండు దాకా మెట్లు, మలుపులు గుర్తుపెట్టుకుని వచ్చి, ఇంట్లో అట్ట మీద దారం అతికించడం మొదలుపెట్టాను. ఓవర్‌బ్రిడ్జి దిగిన తరువాతి మలుపు దగ్గర ఆయన ఎడమ అంటారు, అమ్మాయి కుడి అంటుంది. అది తేలేదాకా అక్కడ జిగురు పెట్టలేదు.